పానకాలు కోసం మహజరు

ఆ ఆదివారం తెల్లవారకముందే చిన్నమణి తన రోజంతా వరుసలో పెట్టుకుంది. కుళాయి దగ్గర నాలుగు బిందెల నీళ్ళు, ఆ తరువాత తలంటు, మధ్యాహ్నానికి సంగటి, చింతపండు పులుసు, ఐదు కొట్టేలోగా ఇంట్లో దీపం, ఐదున్నరకల్లా గుడియాత్తం మునిసిపల్ పార్కులో రేడియో లౌడ్ స్పీకరు కొమ్ము కింద మొదటి వరుస. తక్కినవి అటూ ఇటూ అయినా ఆమెకు ఫరవాలేదు. చివరిది మాత్రం తప్పడానికి వీల్లేదు.

వారంలో ఆరు రోజులు ఆమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూర్చుని పెట్టెలకు చీటీలు అంటించేది. మాట్లాడితే మేస్త్రీ కసిరేవాడు. నవ్వితే ఇంకా కసిరేవాడు. ఏడో రోజు సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఆమెను కసిరే మనిషి భూమ్మీద లేడు. ఆ అరగంటలో మద్రాసు రేడియో నుంచి 'పానకాలు గారి కచేరి' అనే హాస్య నాటకం వచ్చేది. వారానికొక కొత్త కథ. కథ మారినా చోటు మారదు. అదొక సర్కారు కచేరి. అందులో హెడ్ గుమాస్తా పానకాలు, ఆయన మీద అరిచే దొరగారు, ఇద్దరి మధ్యా నలిగే బంట్రోతు వీరన్న.

పానకాలు ఏ పనీ చేయనని అనడు. ఏ పనీ చేయడు. "చూద్దాం నాయనా, తొందరపడితే కాగితాలు బెదురుతాయి" అని ఆయన గంభీరమైన గొంతుతో అనగానే పార్కులో మూడు వందల మంది ఒక్కసారిగా పగలబడి నవ్వేవారు. వాళ్ళలో నేతగాళ్ళున్నారు, బీడీలు చుట్టేవాళ్ళున్నారు, అగ్గిపెట్టెల ఆడవాళ్ళున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్నది అరవం. తెలుగు అక్షరం రాసి చూపిస్తే అది ముగ్గో మంత్రమో చెప్పలేరు. వాళ్ళ భాష బయటి నుంచి వాళ్ళ చెవికి చేరేది ఆ అరగంటలోనే.

ఆ సాయంత్రం రేడియో గది చూసుకునే అణ్ణామలై ఆరు కాగానే మీట తిప్పాడు. సంగీతం వచ్చింది, దొరగారు అరిచారు, వీరన్న వణికాడు, కుర్చీ కిర్రుమంది. పానకాలు నోరు విప్పాడు.

"చూ... చూద్దాం నాయనా..." అని సన్నటి గొంతు ఒకటి వచ్చి, మధ్యలో తుమ్మింది.

పార్కులో ఒక్కరూ నవ్వలేదు. చిన్నమణి మెడ ఎత్తి కొమ్ము వంక చూసింది, దాని లోపల ఎవరో దూరినట్టు.

"ఎవురప్పా వీడు?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

"పానకాలుకు జలుబు చేసిందేమో" అన్నాడు చిన్నమణి మొగుడు గోపాలస్వామి. అతను మగ్గం నేసే మనిషి, ఎవరి మీదా చెడ్డగా అనుకోవడం చేతకానివాడు.

"జలుబు చేస్తే గొంతు మారతాది మామా, మనిషే మారిపోతాడా?" అంది చిన్నమణి.

సంగతి అణ్ణామలై చెప్పాడు. అతను అరవవాడే. కానీ ఆ నాటకం విని విని, దానికోసమే తెలుగు నేర్చుకున్నాడు. "పేపర్ల వేసినారమ్మా. పానకాలుగా మాట్లాడేది వేదాద్రి అనే ఆయన. పగలు సర్కారు ఆఫీసులో గుమాస్తా వేలై, అదే ఉద్యోగం. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గదా, ఆయన ఆ పక్కం కావాలని రాసిచ్చి కర్నూలుకు పోయినాడు. ఇతను పుదుసు, కొత్తాయన. పేరు సంజీవి."

ఆంధ్ర రాష్ట్రం పుట్టి అప్పటికి నెలన్నర. చిత్తూరు అటు పోయింది, వేలూరు, గుడియాత్తం ఇటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. దాని గురించి గుడియాత్తంలో మాట్లాడనివాడు లేడు, తనకేదో పోయిందని అనుకున్నవాడూ లేడు. ఇప్పుడు తెలిసింది.

"రాష్ట్రం కావల్లంటే తీసుకోనీ. ఊర్లు కావల్లంటే తీసుకోనీ" అంది చిన్నమణి లేచి నిలబడి. "మా పానకాలును తీస్కపొమ్మని ఎవురు చెప్పినారు వీళ్ళకు?"

తరువాతి ఆదివారం పార్కుకు నూట యాభై మందే వచ్చారు. అందులో సగం మంది కొమ్ముకు వీపు పెట్టి కూర్చున్నారు. మూడో ఆదివారం డెబ్బై మంది. అణ్ణామలై ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మా, ఎవురికీ చెప్పొద్దు. జనం ఎంతమంది వస్తారని మునిసిపాలిటీకి నెలనెలా నేను రిపోర్టు రాయాల. జనం లేకపోతే తెలుగు అరగంట తీసేసి వేరే స్టేషను పెట్టమంటారు. ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు."

ఆ మాటతో చిన్నమణి దవడ బిగుసుకుంది. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో గోపాలస్వామి ఆ దవడ బిగుసుకోవడం నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఆమె అనుకున్నదే జరిగింది. అందుకని అతను ఏమీ అడగకుండా చొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి?" అన్నాడు వీధిలోకి వచ్చాక.

"బలరామయ్య అయివారింటికి. మద్రాసు రేడియోకు మహజరు రాయిస్తాము, అందరం వేలిముద్రలేసి. పానకాలును తిరిగి పంపించల్ల."

తెలుగు రాయగలిగినవాడు ఆ పేటలో బలరామయ్య ఒక్కడే. డెబ్బై రెండేళ్ళవాడు, రిటైరైన పంతులు. చేతిరాత ముత్యాల కోవ. చెవులు మాత్రం పదేళ్ళ కిందటే మూతపడ్డాయి. పార్కుకు ఎన్నడూ రాలేదు, రేడియో అంటే ఏమిటో వినలేదు. చిన్నమణి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"పానకాలు, అయివారూ! హెడ్ గుమాస్తా! పానకాలు గారి కచేరి! ఎల్లిపోయినాడు! కర్నూలుకు!"

"హెడ్ గుమాస్తానా? బదిలీ అయినాడా?"

"ఆమా! మాకు ఆయనే కావల్ల!"

బలరామయ్య కలం తీశాడు. "ఆయన మీకేమి మేలు చేసినాడో చెప్పమ్మా. కారణాలు రాయకపోతే పైవాళ్ళు చూడరు."

చిన్నమణి ఉత్సాహంగా తనకు నచ్చిన కథలన్నీ ఏకరువు పెట్టింది. పానకాలు దొరగారిని రికార్డు రూములో పెట్టి తాళం వేసిన కథ. ముసలమ్మ అర్జీని మూడేళ్ళు దిండు కింద పెట్టుకుని పడుకున్న కథ. పోయిన ఫైలు చివరికి టిఫిన్ క్యారియరులో ఉప్మా కింద దొరికిన కథ. బలరామయ్య కలం రెండు మూడుసార్లు ఆగింది. ఇలాంటి గుమాస్తా పోయాడని జనం ఏడవడం ఆయన తన ఉద్యోగకాలంలో చూడలేదు. రోజులు మారిపోయాయి కాబోలని అనుకుని అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

రాసింది చదివి వినిపించాడు కూడా. "మహారాజరాజశ్రీ ప్రభువులవారి దివ్యసముఖమునకు గుడియాత్తపుర వాస్తవ్యులగు ప్రజానీకము సవినయముగా విన్నవించుకొను మహజరు యేమనగా..." అంటూ రెండు పుటలు సాగింది. వీధి వీధంతా గుమ్మంలో చేరి నోరు తెరుచుకుని విన్నది. ఒక్క ముక్క అర్థం కాలేదు. గోపాలస్వామి కళ్ళు తుడుచుకున్నాడు.

"గుళ్ళో నిలబడినట్టుండాది" అన్నాడు.

మూడు రోజుల్లో మూడు వందల పన్నెండు వేలిముద్రలు, అరవ సంతకాలు పడ్డాయి. ఇక కవరు. మద్రాసుకు పంపమని చిన్నమణి గట్టిగా చెప్పింది, బలరామయ్య గట్టిగా తల ఊపాడు. కానీ ఒక హెడ్ గుమాస్తా బదిలీ గురించి మద్రాసుకు రాస్తే ఎవడు పట్టించుకుంటాడు? చదువులేని మనిషి, తెలియక అంటున్నది, జిల్లా సంగతి జిల్లాలోనే తేలాలి. ఆయన మంచి మనసుతో కవరు మీద ఇంగ్లీషులో వేలూరులోని ఒక పెద్ద కచేరి పేరు రాశాడు. గోపాలస్వామి భక్తిగా తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేశాడు.

జవాబు వచ్చేదాకా పార్కు నిండుగా ఉండాలి. చిన్నమణి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లేవదీసింది. "వచ్చి కూర్చోండి, అంతే. నవ్వాల్సిన పని లేదు. నవ్వితే పానకాలుకు ద్రోహం చేసినట్టు" అని షరతు పెట్టింది. మూడు వందల మంది వచ్చి, పళ్ళు బిగించి, ఒక హాస్య నాటకాన్ని సంతాప సభలాగా వినడం మొదలుపెట్టారు. రెండో వారం సంజీవి పానకాలు దొరగారి ముందు వరుసగా మూడు తుమ్ములు తుమ్మి, నాలుగోది రాక దొరగారినే "కొంచెం ఆగండి" అన్నప్పుడు గోపాలస్వామి గొంతులో ఏదో అడ్డం పడినట్టు శబ్దం వచ్చింది. చిన్నమణి అతని వైపు చూసింది.

"దగ్గు" అన్నాడతను.

ఆ మరుసటి వారం చాలామందికి దగ్గు వచ్చింది.

వేలూరులో ఆ మహజరు పెరియసామి అనే ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు బల్ల మీద పడింది. విరించిపురం మనిషి, ఇంట్లో తెలుగే. కానీ ఇంట్లో రేడియో లేదు, ఉన్నా వినే రకం కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో తప్పు చేసిన గుమాస్తా ఒక్కడు కూడా తన చేతి నుంచి జారిపోలేదని చెప్పుకునే మనిషి. మహజరును ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి చదివాడు. రెండోసారి చదివాడు. లేచి తలుపు వేసి వచ్చి మూడోసారి చదివాడు. రాష్ట్రం విడిపోయినప్పుడు చిత్తూరు వైపు కాగితాలు అటు, ఈ వైపువి ఇటు పంచడంలో ఆ కచేరిలో పదిహేడు ఫైళ్ళు కనబడకుండా పోయాయి. ఎవరి తలకు చుట్టుకుంటాయోనని అందరూ నెల రోజులుగా వణుకుతున్నారు. సరిగ్గా ఇప్పుడు, ఫైళ్ళను ఉప్మా కింద దాచే హెడ్ గుమాస్తా ఒకడు కర్నూలుకు పారిపోయాడని మూడు వందల పన్నెండు మంది సాక్ష్యం!

మరుసటి వారమే అతను బస్సు దిగి, పార్కు పక్కన బడి వరండాలో బల్ల వేయించుకుని, మహజరులో మొదటి వేలిముద్ర ఎవరిదో వాళ్ళను పిలిపించాడు.

"పైనుంచి పంపినారు, విచారణకు" అన్నాడు.

చిన్నమణికి పై అంటే మద్రాసు రేడియోనే. ఆమె చేతులు జోడించింది. "మా మొర విన్నారు సామీ. అడగండి."

"పానకాలు దొరగారిని రికార్డు రూములో పెట్టి తాళమేసినాడని రాసినారు. నిజమేనా?"

"నిజం సామీ. నా చెవులతో విన్నా."

"చూసినావా?"

"యాడ చూసేది? వినేదే గదా."

పెరియసామి రాసుకున్నాడు. "ఎన్ని గంటలు అట్ల పెట్టినాడు?"

"గంటలేంది సామీ, ఒక వారం. ఆదివారం వేసినాడు, వచ్చే ఆదివారం దాకా తియ్యలే. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు, ఏమైతాదో అని."

పెరియసామి కలం చేతిలోనే నిలిచిపోయింది. "వారమా! తిండి?"

"బంట్రోతు వీరన్న తలుపు సందులో దోసెలు దూర్చినాడు."

"అంటే వీరన్నకు కూడా ఈ నేరంలో పాలుండాది." అతను ఆ పేరు కింద రెండు గీతలు గీశాడు. "ఇంత జరుగుతుంటే పోలీసులకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"పోలీసులా? మేమందరం నవ్వినాము సామీ. మూడొందల మంది. ఈయన నవ్వి నవ్వి బెంచీ మీదనుంచి పడినాడు" అని గోపాలస్వామిని ముందుకు తోసింది. పెరియసామి ఆ సాధువైన ముఖాన్ని భయంగా చూశాడు. ఊరు ఊరే క్రూరమైనదని అతనికి అర్థమైంది.

"ముసలమ్మ అర్జీ?"

"అది ఆయన దిండు కిందనే ఉండిపోయినాది. ముసలమ్మ చచ్చిపోయినాక కూడా వచ్చి అడిగింది, దయ్యమై. దయ్యాన్ని కూడా రేపు రమ్మన్నాడు!" ఆ కథ గుర్తుకొచ్చి చిన్నమణి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెరియసామి ఆ వాక్యం రాయకుండా వదిలేశాడు. సాక్షికి మతి సరిగా లేదని తేలితే కేసు బలహీనపడుతుంది. "ఈ పానకాలుకు వేరే పేరేమైనా ఉండాదా?"

"ఉండాది సామీ. అసలు పేరు వేదాద్రి. పేపర్లో కూడా పడినాది."

"మారుపేరు!" అని పెరియసామి లేచి నిలబడ్డాడు. "మీరు దిగులు పడొద్దు. వాడు కర్నూలులో ఉండనీ, కైలాసంలో ఉండనీ, తెప్పిస్తాము. ఎట్లైనా తెప్పిస్తాము. నేను వదిలేది లేదు."

చిన్నమణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత పట్టుదల ఉన్న మనిషి రేడియోలో ఉన్నాడంటే ఇక నాటకానికి ఢోకా లేదు. ఆమె తలలోని మల్లెపూల దండ తీసి ఇవ్వబోయి, మర్యాద కాదని ఆగి, గోపాలస్వామిని పంపి కొత్త దండ తెప్పించి అతని మెడలో వేయించింది. నిందితుడి పట్ల ఇంత ద్వేషం పెరియసామి ఏ ఊళ్ళోనూ చూడలేదు.

జనవరిలో వేలూరు నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది. బలరామయ్య చదివి చెప్పాడు. "పానకాలును కర్నూలు నుంచి పిలిపించినారంట. గురువారం పదకొండు గంటలకు నువ్వు కూడా రావల్లంట, వేలూరుకు."

పేటలో పండగైపోయింది. చిన్నమణి ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, పానకాలు కోసం మురుకులు చేసి డబ్బాలో పోసుకుంది. గోపాలస్వామి తాను నేసిన కొత్త లుంగీ మడత పెట్టుకున్నాడు. బలరామయ్య పై పంచె వేసుకుని తానూ వస్తానన్నాడు, తన మహజరు ఇంత పని చేయడం ఆయన జీవితంలో అదే మొదలు. ముగ్గురూ పొద్దున బస్సెక్కి, పాలారు ఏటి ఇసుక చూసుకుంటూ వేలూరు చేరారు. దారిపొడవునా చిన్నమణి పానకాలు ఎలా ఉంటాడో వర్ణించింది. నిండైన పొట్ట, పెద్ద మీసం, చేతిలో పొన్నుకర్ర. ఆ గొంతుకు అంతకంటే తక్కువ మనిషి సరిపోడు.

కచేరిలో పెద్ద గది. నడుమ సూపరింటెండెంటు చెంగల్రాయలు కూర్చుని ఉన్నాడు. బాగాయం నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే సన్నటి మనిషి, ముఖం మీద నవ్వు అనే గుర్తే లేదు. పక్కన పెరియసామి, ముందు అడుగు ఎత్తు కాగితాలు. ఎదురుగా నిలబడి ఉన్నవాడు ముప్పై ఐదేళ్ళవాడు, బక్కవాడు, మీసం లేదు. రెండు రోజుల రైలు ప్రయాణంతో చొక్కా నలిగిపోయింది.

చిన్నమణి గదంతా చూసి, "పానకాలుగారు ఇంకా రాలేదా?" అంది.

ఆ బక్కవాడు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నేను ఏ ఫైలూ తీయలేదు. రికార్డు రూముకు తాళం వేయలేదు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు. ఈ ఉద్యోగం పోతే మేము..."

చిన్నమణి చేతిలో మురుకుల డబ్బా జారి బండల మీద పడింది. ఆ గొంతు! వణికినా అదే గొంతు. కొమ్ములోంచి వందసార్లు విన్న గొంతు, ఇప్పుడు తన పిల్లల గురించి బతిమాలుకుంటోంది.

"ఏంది సామీ ఇది?" అని ఆమె పెరియసామి వైపు తిరిగింది. "ఆయనను ఎందుకు నిలబెట్టినారు? కుర్చీ వెయ్యరా?"

"నీ సాక్ష్యం మీదనే గదమ్మా నిలబెట్టింది. ఇదో, నీ వేలిముద్ర."

ఆమెకు అంతా అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది. బలరామయ్యకు అర్థం చేయించడానికి, చెవిలో అరుస్తూ, ఇంకో పది నిమిషాలు పట్టింది. "నాటకమా!" అని ఆ ముసలాయన గోడకు జారగిలబడ్డాడు. "నేను ప్రభువులవారికి రాసింది నాటకమా!"

"రేడియోలో వచ్చే ఆట సామీ" అంది చిన్నమణి సూపరింటెండెంటుతో. "పానకాలు లేడు, దొరగారు లేడు, తాళం లేదు. అంతా ఉత్తుత్తిది. ఈయన మమ్మల్ని నవ్వించినాడు, అంతే ఈయన చేసిన నేరం."

"సార్, మూడు వందల పన్నెండు మంది ఒక్కటే మాట చెప్పినారు" అన్నాడు పెరియసామి. అతని గొంతులో ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగం వణికింది. "ఇప్పుడు భయపడి మాట మార్చుతాండారు. పదిహేడు ఫైళ్ళు సార్!"

చెంగల్రాయలు కాగితాల వంక చూశాడు, వేదాద్రి వంక చూశాడు. "నాటకమంటే ఎట్లా నమ్మేది? రుజువుండాదా?"

చిన్నమణి దవడ బిగుసుకుంది. గోపాలస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె పమిట నడుముకు చుట్టి, బల్లకు ఇవతల నిలబడి, బంట్రోతు వీరన్న గొంతుతో కేక పెట్టింది. "అయ్యా, అయ్యా! దొరగారు లోపల తలుపు బాదుతాండారయ్యా!"

వేదాద్రి బిత్తరపోయి చూశాడు.

"చెప్పు నాయనా" అంది ఆమె మెల్లగా. "నీ మాట నువ్వు చెప్పు. తక్కినదంతా నాకు వచ్చు."

అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వెన్ను నిటారుగా నిలిచింది. లేని పొట్ట ఒకటి ముందుకు వచ్చింది, లేని మీసాన్ని చేయి దువ్వింది. "బాదనీ వీరన్నా. తలుపు సర్కారుది, చేతులు ఆయనవి. మనకేమి నష్టం?"

తరువాత పావు గంట ఆ కచేరిలో ఒక్క కాగితం కదలలేదు. దోసెలు తలుపు సందులో దూరాయి. దయ్యమై వచ్చిన ముసలమ్మగా కూడా చిన్నమణే వేసింది. పక్క గదుల గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలిచారు. మొదట బంట్రోతులు నవ్వారు, తరువాత టైపిస్టులు, తరువాత అరవం తప్ప రానివాళ్ళు కూడా నవ్వారు. ఆ దొర, ఆ అర్జీ, ఆ తాళం వాళ్ళకు రోజూ తెలిసినవే. పెరియసామి చాలాసేపు ఆపుకున్నాడు. దయ్యాన్ని రేపు రమ్మన్నప్పుడు అతని పెదవులు వణికాయి, కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

నవ్వనివాడు చెంగల్రాయలు ఒక్కడే. అందరూ సద్దుమణిగాక అతను దస్త్రం దగ్గరికి లాక్కుని, "పానకాలు అనే ఉద్యోగి లేడు" అని రాసి సంతకం పెట్టాడు.

"సార్, మరి ఆ పదిహేడు ఫైళ్ళు?" అన్నాడు పెరియసామి.

"చూద్దాం నాయనా" అన్నాడు చెంగల్రాయలు గంభీరంగా. "తొందరపడితే కాగితాలు బెదురుతాయి."

ఆ రోజు కచేరి కప్పు లేచిపోయిందని చాలా కాలం చెప్పుకున్నారు.

చిన్నమణి మాత్రం కదల్లేదు. తన వల్ల ఒక మనిషి రెండు రాత్రులు రైల్లో ఏడ్చుకుంటూ వచ్చాడు. దాన్ని సరిచేసిగాని బస్సెక్కనంది. వేదాద్రి కర్నూలులో కచేరికి భవనం లేక గుడారంలో కూర్చుని రాస్తున్నానని, అక్కడ ఇల్లు దొరకక భార్యాపిల్లలు మద్రాసులోనే ఉండిపోయారని, తిరిగి రావాలని ఉన్నా అడిగే ధైర్యం లేకపోయిందని చెప్పాడు. ఆమె చెంగల్రాయలు బల్ల ముందు నేల మీద కూర్చుంది. "రాసియ్యండి సామీ. ఈయనను మద్రాసుకు పంపించల్లని రాసిస్తేనే లేస్తా." సాయంత్రం నాలుగింటికి చెంగల్రాయలు రాసిచ్చాడు. అది సిఫారసో, ఆమెను లేపడానికి వేరే దారి లేకనో, మొత్తానికి మార్చి నెలలో మద్రాసులో ఒక ఖాళీ దొరికి వేదాద్రి తిరిగి వచ్చేశాడు. ఏప్రిల్ మొదటి ఆదివారం నుంచి పానకాలుగా మళ్ళీ తానే మాట్లాడతానని చిన్నమణికి ఉత్తరం కూడా రాశాడు. బలరామయ్య దాన్ని వీధి వీధికీ చదివి వినిపించాడు.

ఆ ఆదివారం పార్కులో నాలుగు వందల మంది. గోడల మీద కూడా జనమే. అణ్ణామలై కొమ్ముకు పూలదండ వేశాడు. ఆరు కాగానే సంగీతం వచ్చింది, దొరగారు అరిచారు, కుర్చీ కిర్రుమంది.

"చూద్దాం నాయనా. తొందరపడితే కాగితాలు బెదురుతాయి" అంది కొమ్ములోంచి ఆ గంభీరమైన గొంతు.

చిన్నమణి నవ్వడానికి నోరు తెరిచింది. చుట్టూ చప్పుడు లేదు. నాలుగు వందల మంది చెవులు రిక్కించి ఇంకేదో వస్తుందని ఎదురు చూస్తున్నారు.

"తుమ్మలేదే" అన్నాడు ఎవరో.

"ఇది మన పానకాలు కాదు" అంది ఇంకొకామె. "మనోడు పాపం, సన్నంగా మాట్లాడతాడు. ఎవురప్పా వీడు, పులి మాదిరి?"

గోపాలస్వామి భార్య వైపు వంగి, తప్పు చేసినవాడిలా అడిగాడు. "ఆ సంజీవిని ఏం చేసినారు మణీ? బాగానే తుమ్మతాండె గదా?"

చిన్నమణి కూడా తుమ్ము కోసమే ఎదురు చూసింది. నాలుగు నెలలు, ప్రతి ఆదివారం, పమిట నోట్లో కుక్కుకుని ఆపుకున్న నవ్వులన్నీ ఆ తుమ్ములవే. రెండో వరుసలో ఒకడు లేచి లుంగీ దులుపుకున్నాడు. మూడో వరుసలో ఇద్దరు కొమ్ముకు వీపు తిప్పారు. ఆమెకు ఆ నలిగిన చొక్కా, కర్నూలు గుడారం గుర్తుకొచ్చాయి.

దవడ బిగించి ఆమె బెంచీ ఎక్కింది. "లేచినోడు కూర్చో. తిరిగినోడు ఇటు తిరుగు. ఈ మనిషిని నేను నేల మీద కూర్చుని తెప్పించినా. ఇంకో రాష్ట్రం నుంచి తెప్పించినా. సంజీవి మంచోడే, నేను కాదనలే. కానీ ఈ అరగంట మీరు నవ్వల్ల. ఇప్పుడే మొదలుపెట్టండి."

కొమ్ములో పానకాలు ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. చిన్నమణి చేయి ఎత్తింది. నాలుగు వందల మంది ఒక్కసారి నవ్వారు. ఆమె చేయి దించేదాకా ఆపలేదు.

ఆ నెల మునిసిపాలిటీకి పంపిన రిపోర్టులో అణ్ణామలై, ప్రజలు తమంతట తామే నవ్వారని రాశాడు.